ఎప్పటికీ దొరకవన్న కారణాంకాలు దొరికిపోతున్నది ఎలా

1874లో ఇంగ్లండ్‌లో విలియం స్టాన్లీ జెవన్స్ అని ఒక ఎకనామిస్టు, లాజిక్ మీద పుస్తకం రాస్తూ మధ్యలో ఒక నంబర్ పెట్టి చదివేవాళ్లకి సవాలు విసిరాడు. 8616460799, ఇది ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే వచ్చిందో చెప్పగలరా, నాకు తప్ప ఇంకెవరికీ ఎప్పటికీ తెలుస్తుందనుకోను, అని. పది అంకెలు, అంటే మన మొబైల్ నంబర్ అంత. కాగితం పెన్సిల్ పట్టుకుని 3తో పోతుందా, 7తో పోతుందా, 11తో పోతుందా అని వరసపెట్టి భాగించుకుంటూ పోతే ఎనిమిదిన్నర వేల పైచిలుకు భాగహారాలు చేస్తే గానీ జవాబు తగలదు, కాబట్టి ఆయన ధీమా మరీ అన్యాయమైనదేం కాదు. అయినా 30 ఏళ్లు తిరక్కుండానే 1903లో అమెరికాలో డెరిక్ నార్మన్ లెహ్మర్ ఆ జవాబు చెప్పేశాడు, 89681 × 96079 అని.

అసలు మజా ఏంటంటే దీనికి అంత కష్టపడాల్సిన పనే లేదు. తొమ్మిదో క్లాసులో అందరం బట్టీపట్టిన సూత్రమే, రెండు వర్గాల తేడా అంటే ఆ రెండింటి మొత్తం ఇంటూ ఆ రెండింటి తేడా. ఇచ్చిన నంబర్‌ని రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు వాటంతటవే ఊడి చేతిలో పడతాయి. జెవన్స్ నంబర్‌కి వర్గమూలం 92824 దాటి కొంచెం ఉంటుంది, కాబట్టి 92825 దగ్గర మొదలెట్టి, దాన్ని వర్గం చేసి అందులోంచి ఆ నంబర్ తీసేస్తే 19826 మిగులుతుంది, అది వర్గం కాదు. 92826 తీసుకుంటే 205477, అదీ కాదు. ఇలా ఒక్కోటి పెంచుకుంటూ 92880 దాకా వెళ్తే 10233601 మిగులుతుంది, అది 3199కి వర్గం. అంతే, 92880లోంచి 3199 తీస్తే ఒక కారణాంకం, కలిపితే రెండోది. మొత్తం 56 ప్రయత్నాలు, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే ఒక సాయంత్రం కూడా పట్టదు. ఈ పద్ధతి జెవన్స్‌కి రెండొందల ఏళ్ల ముందే ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక ఉత్తరంలో రాశాడు, 1643లో, 2027651281 అనే నంబర్‌ని 44021 × 46061 అని విడగొట్టి చూపించాడు. ఆయనకంటే కూడా దాదాపు మూడొందల ఏళ్ల ముందు, 1356లో, మన నారాయణ పండితుడు గణిత కౌముదిలో భాగాదానం అని ఒక అధ్యాయమే పెట్టి ఇదే ఉపాయం చెప్పాడు.

కాబట్టి జెవన్స్ చేసిన పొరపాటు ఏంటో జాగ్రత్తగా చూడాలి. భాగహారాలు ఎన్ని కావాలో ఆయన వేసుకున్న లెక్క కరెక్టే. భాగహారం తప్ప ఇంకో దారి లేదనుకోవడమే తప్పు. ఈ సబ్జెక్టు చరిత్ర మొత్తంలో ఈ తప్పే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, ఇంత టైం పడుతుంది అని గట్టిగా చెప్పినవాళ్లందరూ మిషన్ స్పీడు లెక్కేశారు, పద్ధతి మారుతుందన్నది లెక్కలో వేసుకోలేదు.

భాగించుకుంటూ పోయే పద్ధతికి చావు ఎక్కడుందంటే, నంబర్‌లో అంకెలు రెట్టింపైతే పని రెట్టింపు అవ్వదు, వర్గం అవుతుంది. పది అంకెల నంబర్‌కి లక్ష దాకా చూడాలి, ఇరవై అంకెలకి వెయ్యి కోట్ల దాకా చూడాలి. ఇప్పుడు వెబ్‌సైట్ల సర్టిఫికెట్లలో మామూలుగా కనిపించే 2048 బిట్ల ఆర్ఎస్ఏ కీ (రహస్య లిపికి తాళంలా వాడే పెద్ద నంబర్) అంటే 617 అంకెలు, దానికి 309 అంకెల సంఖ్యల దాకా వెళ్లాలి. కనిపించే విశ్వంలో పరమాణువులన్నీ కలిపినా 80, 81 అంకెల సంఖ్యే అంటారు, ఇక్కడ స్పీడు గురించి మాట్లాడటమే దండగ.

ఇంకో కన్ఫ్యూజన్ చాలామందికి ఉంటుంది, అది ముందు తీసేసుకుందాం. ఒక సంఖ్య ప్రైమ్ కాదు అని తెలియడం వేరు, దాన్ని ఏవి భాగిస్తాయో తెలియడం వేరు. జ్వరం ఉందని థర్మామీటర్ చెప్తుంది, ఎందుకొచ్చిందో చెప్పదు కదా, అలా. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 2⁶⁷ − 1 ప్రైమ్ అని తన లిస్టులో రాసేశాడు. 1876లో ల్యూకా అనే గణితజ్ఞుడు అది ప్రైమ్ కాదని తేల్చాడు, కానీ ఒక్క కారణాంకం కూడా చూపించకుండానే, కేవలం శేషాలతో చేసే ఒక పరీక్ష ద్వారా. ఆ తర్వాత 27 ఏళ్లపాటు ఆ నంబర్ అలా నిలబడిపోయింది, విరిగిపోయేదే అని అందరికీ తెలుసు, ఎక్కడ విరుగుతుందో తెలీదు.

1903 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ మీటింగ్‌లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ లేచాడు. ఆయన బోర్డు దగ్గరికెళ్లి ఒక్క మాట కూడా మాట్లాడకుండా 2ని 67సార్లు గుణించుకుంటూ వెళ్లి ఒకటి తీసేసి 147573952589676412927 అని రాశాడని, బోర్డుకి రెండో పక్క 193707721 × 761838257287 అని వేసి చేత్తో గుణకారం చేసి చూపిస్తే అదే నంబర్ వచ్చిందని, హాలంతా చప్పట్లు కొట్టిందని, ఒక్క ప్రశ్న కూడా రాలేదని చెప్పుకుంటారు. ఎంత టైం పట్టింది అని తర్వాత ఎవరో అడిగితే మూడేళ్ల ఆదివారాలు అన్నాడట. చెప్పగా చెప్పగా కథకి కొంత ఉప్పూకారం కలిసే ఉంటుంది గానీ నంబర్లు మాత్రం అక్షరాలా నిజం. కనిపెట్టడానికి మూడేళ్లు, సరిచూడటానికి ఒక బోర్డు నిండా గుణకారం, ఈ తేడా మీదే తర్వాతి కాలంలో ఒక పెద్ద వ్యాపారమే నడిచింది.

కోల్ కూడా గుడ్డిగా భాగించలేదు లెండి. 2⁶⁷ − 1ని భాగించే ఏ ప్రైమ్ అయినా 134తో భాగిస్తే 1 శేషం రావాల్సిందే, ఇది ముందునుంచీ తెలిసిన నియమం, అంటే 134 సంఖ్యలకి ఒకటి చూస్తే చాలు. 193707721 అంటే 134 ఇంటూ 1445580 ప్లస్ 1. అయినా పద్నాలుగు లక్షల పైన ఉంది కాబట్టి ఇంకా రకరకాల వడపోతలు పెట్టి తగ్గించుకున్నాడు.

ఇక్కడే 2002 గురించి కూడా చెప్పుకోవాలి. ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, ఆయన స్టూడెంట్లు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఏ సంఖ్య అయినా ప్రైమా కాదా అని పాలినామియల్ టైంలో (అంటే అంకెలు పెరిగినా పని మరీ విపరీతంగా పెరగకుండా), అదృష్టం మీద ఆధారపడకుండా తేల్చే పద్ధతి ఇచ్చారు. పేపర్లలో పెద్ద న్యూస్ అయ్యింది, ఇక బ్యాంకుల ఎన్‌క్రిప్షన్ పోయినట్టే అని కొంతమంది కంగారు కూడా పడ్డారు. కానీ అది థర్మామీటర్ సైడు విషయం. దానివల్ల ఒక్క కారణాంకం కూడా కొత్తగా దొరకలేదు.

మరి పెద్ద నంబర్లని నిజంగా విడగొట్టేది ఎలా? ఇక్కడ ఐడియా నిజంగా అందమైంది, 1920లలో మారిస్ క్రైచిక్ అనే ఆయనది, ఫెర్మా ఐడియాకి చిన్న మెలిక. తేడా నేరుగా వర్గం రావాలని ఎదురుచూడటం ఎందుకు, వర్గం కాని తేడాల్ని కొన్నింటిని ఏరి కలిపి గుణిస్తే వర్గం వచ్చేలా చూసుకుంటే పోలా, అన్నాడు. చిన్న నంబర్ మీద చూద్దాం, 1817. వర్గమూలం 42 పైన, కాబట్టి 43 నుంచి మొదలు. 43 వర్గంలోంచి 1817 తీస్తే 32. 44కి 119. 45కి 208. 46కి 299. 47కి 392. ఒక్కటి కూడా వర్గం కాదు, ఫెర్మా పద్ధతిలో అయితే ఇంకా ముందుకెళ్లాలి, 51 దగ్గర తగుల్తుంది. కానీ ఇక్కడే ఆగి వీటిని విరగ్గొట్టి చూడండి. 32లో 2 ఐదుసార్లు ఉంది. 392లో 2 మూడుసార్లు, 7 రెండుసార్లు. ఐదు బేసి, మూడు బేసి, రెండూ కలిస్తే ఎనిమిది, సరి. 7 ఎలాగూ సరే. అంటే 32 × 392 = 12544, ఇది 112కి వర్గం! ఇటుపక్క 43 × 47 = 2021, దీన్ని 1817తో భాగిస్తే శేషం 204. ఇప్పుడు 204కి, 112కి తేడా 92. 92కి, 1817కి గసాభా కట్టండి, 23 వస్తుంది. 1817 = 23 × 79. అయిపోయింది.

మధ్యలో వచ్చిన 299లో కూడా 23 ఉంది కదా, అక్కడే దొరికేసేది కదా అని ఎవరైనా అనొచ్చు, నిజమే, నంబర్ చిన్నది కాబట్టి అలా తగిలింది, వంద అంకెల నంబర్‌తో ఆ లక్కు ఉండదు.

ఈ పద్ధతిలో గమనించాల్సింది ఏంటంటే ఎవరూ 23ని వెతకలేదు. వెతికింది చిన్న చిన్న ప్రైములతో పూర్తిగా విరిగిపోయే తేడాల్ని, 32, 392 లాంటివాటిని. వీటిని స్మూత్ నంబర్లు అంటారు. ఒక్కోటి విడిగా చూస్తే దేనికీ పనికిరాదు, కారణాంకం గురించి ఏమీ చెప్పదు. కావాల్సినన్ని పోగేశాక మాత్రం అందులో ఏవేవి కలిపితే ప్రతి ప్రైమూ సరిసార్లు వస్తుందో చూడాలి, అంటే చిన్నప్పుడు గుప్పిట్లో చింతపిక్కలు పెట్టుకుని ఆడిన సరి-బేసి ఆటే, కాకపోతే లక్షల గుప్పిళ్లతో ఒకేసారి. లెక్కల భాషలో ఇది సున్నాలు ఒకట్లతో నిండిన ఒక పెద్ద మాత్రిక. వాడే ప్రైముల కంటే పోగేసిన తేడాలు ఒక్కటి ఎక్కువున్నా చాలు, ఏదో ఒక కలయిక సరి అయి తీరుతుంది, ఇది అదృష్టం కాదు గ్యారంటీ. అలా దొరికిన ప్రతి కలయికతో కారణాంకం రావడానికి కనీసం సగానికి సగం ఛాన్స్, ఒకటి ఫెయిలైతే ఇంకోటి.

1981లో కార్ల్ పోమరెన్స్ దీనికి జల్లెడ జోడించాడు, క్వాడ్రాటిక్ సీవ్ అంటారు. ప్రతి తేడానీ విడివిడిగా విరగ్గొట్టి చూడాల్సిన పని లేదు, ఎందుకంటే ఏ తేడాలు 7తో పోతాయో ముందే తెలుసు. పైన లెక్కలో 44 దగ్గర 119 ఏడుతో పోయింది, కాబట్టి 51 దగ్గరా, 58 దగ్గరా కూడా పోతుంది. 47 దగ్గర 392 పోయింది, కాబట్టి 54 దగ్గర కూడా. ప్రతి ప్రైముకీ ఇలా గంతులేసుకుంటూ టిక్కులు పెట్టుకుపోతే ఎక్కువ టిక్కులు పడ్డ చోట స్మూత్ నంబర్ ఉన్నట్టు. స్కూల్లో ప్రధాన సంఖ్యలు కనుక్కోవడానికి నేర్పే ఎరటోస్తనీస్ జల్లెడే, 2200 ఏళ్ల నాటి ఐడియా, ఇంకో పనికి తిప్పి వాడారన్నమాట. ఇందులో భాగహారం దాదాపు ఉండదు, కూడికలే, అందుకే కంప్యూటర్లకి బాగా నప్పింది, పైగా పనిని ముక్కలు చేసి వెయ్యి మందికి పంచేయొచ్చు.

ఆ పంచుకోవడం పెద్ద ఎత్తున జరిగింది ఆర్ఎస్ఏ-129 విషయంలో. 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్మన్ అనే ముగ్గురు ఎంఐటీ వాళ్లు రెండు పెద్ద ప్రైముల లబ్ధాన్ని బహిరంగంగా పెట్టేసి, దాన్ని విడగొట్టలేరన్న నమ్మకం మీద రహస్య లిపి కట్టారు, అదే ఆర్ఎస్ఏ. ఆ సంగతి ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్‌లో మార్టిన్ గార్డ్‌నర్ తన కాలమ్‌లో రాస్తూ 129 అంకెల నంబర్ ఒకటి, దాంతో దాచిన సందేశం ఒకటి అచ్చేశాడు, విప్పినవాళ్లకి వంద డాలర్లు. దీనికి 40 క్వాడ్రిలియన్ ఏళ్లు పడుతుందని రివెస్ట్ అంచనా, అంటే మన లెక్కలో నాలుగొందల కోట్ల కోట్ల ఏళ్లు. జెవన్స్ గుర్తొస్తున్నాడా?

17 ఏళ్లు కూడా నిండలేదు. 1993లో డెరెక్ ఆట్కిన్స్, మైఖేల్ గ్రాఫ్, పాల్ లేలాండ్, ఆర్యన్ లెన్‌స్ట్రా కలిసి ఇంటర్నెట్‌లో పిలుపిస్తే దాదాపు 600 మంది వాలంటీర్లు ముందుకొచ్చారు, 1600 కంప్యూటర్లు, అందులో రెండు ఫ్యాక్స్ మిషన్లు కూడా ఉన్నాయట. రాత్రుళ్లు, సెలవు రోజులు మిషన్లు ఖాళీగా ఉన్నప్పుడు నడిపి, దొరికిన ముక్కల్ని ఈమెయిల్లో పంపించేవాళ్లు. ఎనిమిది నెలల్లో 82 లక్షల పైన ముక్కలు పోగయ్యాయి. వాటితో కట్టిన మాత్రికలో ఐదు లక్షల అరవై తొమ్మిది వేల వరసలు, దాన్ని కుదించి ఒక మాస్‌పార్ సూపర్ కంప్యూటర్ మీద 45 గంటలు నడిపిస్తే 1994 ఏప్రిల్‌లో 64 అంకెల ప్రైమ్ ఒకటి, 65 అంకెల ప్రైమ్ ఒకటి బయటపడ్డాయి. దాచిన సందేశం విప్పితే అందులో ఉన్నది "ది మ్యాజిక్ వర్డ్స్ ఆర్ స్క్వీమిష్ ఆసిఫ్రేజ్". ఆసిఫ్రేజ్ అంటే బొమికలు మింగి బతికే ఒక రాబందు, స్క్వీమిష్ అంటే చిన్నదానికే డోకు తెచ్చుకునే రకం, అంటే బొమికలంటే డోకొచ్చే బొమికల రాబందు, అసలు అర్థమే లేదు, ఎవరూ విప్పరన్న ధైర్యంతో తోచింది రాసేశారు.

రివెస్ట్ అంచనా కూలిపోయింది కంప్యూటర్లు స్పీడు పెరగడం వల్లేనా అంటే అది చిన్న భాగమే. 1977లో క్వాడ్రాటిక్ సీవ్ లేదు, అప్పటి పద్ధతులతో అయితే 1994 మిషన్ల మీద కూడా ఆ నంబర్ అంత తేలిగ్గా కదిలేది కాదు.

1990కల్లా ఇంకో పద్ధతి వచ్చేసింది, నంబర్ ఫీల్డ్ సీవ్. దీని ఆలోచన జాన్ పొలార్డ్‌ది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, క్వాడ్రాటిక్ సీవ్‌లో విరగ్గొట్టాల్సిన తేడాలు అసలు నంబర్‌లో సగం అంకెలుంటాయి, అవి స్మూత్‌గా ఉండే ఛాన్స్ తక్కువ, ఇందులో మామూలు సంఖ్యల్ని వదిలేసి వేరే సంఖ్యా వ్యవస్థలోకి వెళ్లి ఇంకా చాలా చిన్న సంఖ్యలతో పని నడిపిస్తారు. చిన్న సంఖ్య అయితే స్మూత్ అయ్యే ఛాన్స్ ఎక్కువ, అంతే కిటుకు, మిగతాదంతా బీజగణితం, అది ఇక్కడ తేలేది కాదు. దీంతోనే 1990లో 155 అంకెల తొమ్మిదో ఫెర్మా సంఖ్యని (2⁵¹² + 1) పగలగొట్టారు. అది ప్రత్యేకమైన రూపం ఉన్న నంబర్ కాబట్టి తేలిక, ఏ రూపమూ లేని 155 అంకెల ఆర్ఎస్ఏ నంబర్ 1999 ఆగస్టులో పడింది, అంటే 512 బిట్లు, అప్పటికి చాలా చోట్ల నిజంగా వాడకంలో ఉన్న సైజు. 2009 డిసెంబర్‌లో 768 బిట్లు, 232 అంకెలు, ఒకే కోర్ (కంప్యూటర్ ప్రాసెసర్‌లో లెక్క చేసే ఒక యూనిట్) మీద నడిపితే జల్లెడ పట్టడానికే దాదాపు రెండు వేల ఏళ్లు పట్టే పని, మాత్రికలో 19 కోట్ల 27 లక్షల వరసలు. 2019 డిసెంబర్‌లో 240 అంకెలు, సుమారు 900 కోర్-సంవత్సరాలు. 2020 ఫిబ్రవరిలో 250 అంకెలు, సుమారు 2700 కోర్-సంవత్సరాలు. చివరి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, పది అంకెలు పెరిగితే పని మూడింతలు. భాగహారం పద్ధతిలో అయితే పది అంకెలకి పని లక్ష రెట్లు పెరగాలి. పద్ధతి మారడం అంటే అర్థం ఇదీ.

కింద మెట్టులో పరిస్థితి ఇంకా ఘోరం. 2009లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఐ-83 ప్లస్ కాలిక్యులేటర్‌లో సాఫ్ట్‌వేర్‌కి సంతకం పెట్టే 512 బిట్ల కీని బెంజమిన్ మూడీ అనే అతను ఒక మామూలు డెస్క్‌టాప్‌ని 73 రోజులు నడిపి విడగొట్టేశాడు, కంపెనీ లీగల్ నోటీసులు పంపింది. 2015లో కొందరు రీసెర్చర్లు అమెజాన్ క్లౌడ్ అద్దెకి తీసుకుని అదే సైజు పనిని 75 డాలర్లకి నాలుగు గంటల్లో చేసి చూపించారు. 1999లో ప్రపంచ రికార్డు, 2015కి నలుగురు హోటల్‌కెళ్లి భోంచేసిన బిల్లు.

ఇంతవరకూ చెప్పింది ఏ లోపమూ లేని నంబర్ల సంగతి. నిజజీవితంలో చాలా పెద్ద నంబర్లు పడిపోయింది ఇలా యుద్ధం చేసి కాదు, తయారుచేసినవాళ్ల అజాగ్రత్త వల్ల. రెండు ప్రైములూ మరీ దగ్గరదగ్గరగా తీసుకుంటే ఫెర్మా పద్ధతి చాలు, ఎన్ని వందల అంకెలున్నా సరే, జెవన్స్ దొరికిపోయింది కూడా అక్కడే. ఇంకోటి, ప్రైమ్‌లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది స్మూత్ అయితే 1974లో పొలార్డ్ చెప్పిన పి మైనస్ వన్ పద్ధతికి లొంగిపోతుంది. కోల్ కనుక్కున్న 193707721నే తీసుకోండి, ఒకటి తీసేస్తే 193707720, అందులో ఉన్నవి 2లు, 3లు, ఒక 5, ఒక 67, ఒక 2677, అంతే. ఈ పద్ధతి అప్పటికే ఉండుంటే మూడేళ్ల ఆదివారాలు పట్టేది కాదు, చాలా త్వరగా తేలిపోయేది. 1987లో హెండ్రిక్ లెన్‌స్ట్రా ఇదే ఐడియాని ఎలిప్టిక్ కర్వ్‌ల (బీజగణితంలో ఒక రకం వక్రరేఖలు) మీదికి తీసుకెళ్లాడు, ఒక కర్వ్ మీద అదృష్టం బాలేకపోతే ఇంకో కర్వ్ తీసుకోవచ్చు, 2013లో దీంతో 83 అంకెల కారణాంకం ఒకటి బయటికొచ్చింది. పెద్ద నంబర్‌లో ఒక కారణాంకం చిన్నదై ఉంటుందన్న అనుమానం ఉంటే ఇప్పటికీ ముందు వాడేది ఇదే, సీవ్ జోలికి తర్వాత వెళ్తారు.

అన్నిటికంటే సిగ్గుచేటు 2012లో బయటపడింది. ఇంటర్నెట్‌లో లక్షల కొద్దీ పబ్లిక్ కీలు, అంటే అందరికీ కనిపించేలా పెట్టే ఆ లబ్ధాలు, పోగేసి రెండు టీములు విడివిడిగా చేసింది ఒక్కటే, వాటికి ఒకదానితో ఒకటి గసాభా కట్టారు, ఐదో ఆరో క్లాసు లెక్క. రెండు కీలలో ఒకే ప్రైమ్ ఉమ్మడిగా ఉంటే గసాభాలో ఆ ప్రైమ్ టక్కున వచ్చేస్తుంది, రెండు కీలూ ఒకేసారి పోతాయి. అలా వేల కీలు పోయాయి. చాలావరకు రౌటర్లు, ఫైర్‌వాల్‌ల లాంటి డబ్బాలవి, ఆన్ చేయగానే ఇంకా ర్యాండమ్‌నెస్ పోగవ్వకముందే ప్రైములు ఎంచుకోవడం వల్ల వేరే వేరే డబ్బాలు ఒకే ప్రైమ్ ఎంచుకున్నాయి. 2017లో ఇన్ఫినియన్ చిప్పుల్లో ప్రైములు త్వరగా తయారవ్వాలని ఒక షార్ట్‌కట్ రూపం వాడారని తేలింది, దెబ్బకి ఎస్టోనియా దేశం ఏడున్నర లక్షల ఐడీ కార్డుల సర్టిఫికెట్లు ఆపేయాల్సి వచ్చింది. అంకెలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఆ అంకెలు ఎలా పుట్టాయన్నది చూడాలి.

ఇక క్వాంటమ్ సంగతి. ఆర్ఎస్ఏ-129 పడిన అదే 1994లో పీటర్ షోర్ క్వాంటమ్ కంప్యూటర్ అంటూ ఒకటుంటే కారణాంకాలు పాలినామియల్ టైంలో తీయొచ్చని కాగితం మీద చూపించాడు. 2001లో ఏడు క్యూబిట్లతో (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటివి) 15ని 3 × 5గా విడగొట్టారు, 2012లో 21. ఎక్కాలు వచ్చిన పిల్లలు నవ్వుతారు. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి 156 క్యూబిట్ల మిషన్ పెడతామని 2025లో ప్రకటించారు కదా, దాంతో మన బ్యాంకు లాగిన్లు పోతాయా అన్న డౌట్ రావడం సహజం. పోవు. క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా 2019లో వేసిన అంచనా ప్రకారం 2048 బిట్లకి తప్పులు చేసే మామూలు క్యూబిట్లు రెండు కోట్లు కావాలి, ఎనిమిది గంటలు పడుతుంది. అయితే అదే గిడ్నీ 2025 మే నెలలో ఇచ్చిన కొత్త అంచనా చూడండి, పది లక్షల లోపు క్యూబిట్లు, వారం లోపు టైం. ఆరేళ్లలో అవసరం ఇరవయ్యో వంతుకి పడిపోయింది, ఇది కొత్త మిషన్ వచ్చి కాదు, కాగితం మీద పద్ధతి మెరుగుపడి! ఇలా జరగొచ్చన్న అనుమానంతోనే అమెరికాలో ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ ఎన్ఐఎస్‌టీ ముందుగానే 2024 ఆగస్టులో కారణాంకాలతో సంబంధం లేని కొత్త పద్ధతులకి స్టాండర్డ్లు విడుదల చేసింది, 2035 తర్వాత ఆర్ఎస్ఏ వద్దని డ్రాఫ్ట్ కూడా పెట్టింది. ఇవాళ దొంగిలించి దాచుకున్న డేటాని పదేళ్ల తర్వాత విప్పేవాళ్లు ఉంటారన్నది వాళ్ల భయం, అది అనవసర భయమేం కాదు.

ఇంత జరిగినా ఒక విషయం చాలామందికి తెలీదు, కారణాంకాలు తీయడం కష్టం అని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. మామూలు కంప్యూటర్‌కే పనికొచ్చే తేలికైన దారి ఒకటి ఎక్కడో ఉండొచ్చు, లేదనడానికి ఆధారం లేదు, ఇన్నేళ్లుగా ఇంతమంది తలలు బద్దలుకొట్టుకున్నా దొరకలేదు అన్నది ఒక్కటే ధైర్యం. నంబర్ ఫీల్డ్ సీవ్ తర్వాత ముప్పై ఏళ్లుగా అంత పెద్ద మార్పు తెచ్చిన పద్ధతి మామూలు కంప్యూటర్లకి రాలేదు, అది మంచి సూచనో లేక తుఫాను ముందు ప్రశాంతతో ఎవరి నమ్మకం వాళ్లది.

ఆర్ఎస్ఏ కంపెనీ ఈ ధైర్యాన్ని పరీక్షించుకోవడానికే సవాలు నంబర్లు బయటపెట్టి ప్రైజులు ప్రకటించింది, అన్నిటికంటే పెద్దది 617 అంకెల ఆర్ఎస్ఏ-2048, రెండు లక్షల డాలర్లు. 2007లో ప్రైజులు ఆపేశారు, నంబర్ మాత్రం అలాగే ఉంది, 25195908475657893494 అని మొదలవుతుంది, ఎవరైనా ట్రై చేసుకోవచ్చు. ఈ సవాలు నంబర్లని ఏ నెట్‌వర్క్‌కీ కలపని కంప్యూటర్‌లో తయారుచేసి, గుణకారం అయిపోయాక ఆ హార్డ్ డిస్క్‌ని నాశనం చేసేశామని కంపెనీ చెప్పింది. జెవన్స్‌కి కనీసం తన నంబర్ జవాబు తనకి తెలుసు, దీనికి ఆ ఒక్క మనిషి కూడా లేడు.